సగం పీడనం ఎక్కడి నుంచి వచ్చింది? రాగి, వనాడియం లెక్కల డైరీ

రోజు 1

పని ఇది: లోహాన్ని అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతూ పోతే అది ఎంత బిగుసుకుంటుందో కంప్యూటర్‌లో లెక్క కట్టాలి. నా దగ్గర ల్యాబ్ లేదు, లోహాన్ని నొక్కే వజ్రాలు అసలే లేవు. ఉన్నవల్లా ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్, అందులో స్ఫటికాల శక్తిని లెక్కించే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే ఉచిత సాఫ్ట్‌వేర్, రోజూ సాయంత్రం రెండు గంటల తీరిక. ముందు రాగి, తర్వాత వనాడియం. రాగి గురించి తెలియనిది దాదాపు లేదు కాబట్టి నా లెక్క తప్పితే వెంటనే దొరికిపోతాను. వనాడియం మొండిది. దాని సంగతి వంతు వచ్చినప్పుడు.

పీడనం ఏ మోతాదులో అంటే, భూమి లోపల మాంటిల్ ముగిసి కేంద్రగోళం మొదలయ్యే చోట 136 గిగాపాస్కల్ ఉంటుంది, నట్టనడుమ 364. మన చుట్టూ ఉన్న గాలి పీడనం ఒక గిగాపాస్కల్‌లో పదివేల వంతు. బ్రిడ్జ్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త జీవితమంతా ప్రెస్సులతో కుస్తీ పట్టి 10 గిగాపాస్కల్ దాకా వెళ్లాడు, 1946లో నోబెల్ వచ్చింది. నేను ఇన్‌పుట్ ఫైల్లో ఒక సంఖ్య మార్చి 100కి వెళ్తున్నాను. కొంచెం సిగ్గుగానే ఉంది.

రాగి లాంటి ఘనాకార స్ఫటికానికి మూడే సంఖ్యలు కావాలి: సీ11, సీ12, సీ44. ఒక అంచు వెంట నొక్కితే ఆ అంచు ఎంత ఎదురు తిరుగుతుందో సీ11 చెబుతుంది. అదే నొక్కుడుకి పక్క ముఖాల మీద ఎంత ఒత్తిడి పుడుతుందో సీ12. పేకముక్కల కట్టను బల్ల మీద పెట్టి పై ముక్కను పక్కకి తోస్తే కట్ట ఒరుగుతుంది కదా, స్ఫటికం అలా ఒరగడానికి చూపే మొండితనం సీ44. రాగికి గది ఉష్ణోగ్రత దగ్గర కొలిచిన విలువలు వరసగా 168, 121, 75 గిగాపాస్కల్. సాంద్రత 8.96 పెట్టి సీ44 నుంచి వర్గమూలం తీస్తే ఘనం అంచు దిశలో అడ్డ తరంగం వేగం సెకనుకు సుమారు 2,900 మీటర్లు వస్తుంది. అంటే ఈ సంఖ్యలు గాలిలో మేడలు కావు, లోహంలో శబ్దం ఎంత వేగంగా పోతుందో చెప్పేవి.

రోజు 3

సున్నా పీడనం దగ్గర జాలక పరిమాణం, అంటే స్ఫటికపు చిన్న ఘనం అంచు పొడవు, 3.63 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) వచ్చింది. ప్రయోగం చెప్పేది 3.615. ఎలక్ట్రాన్ల మధ్య ప్రభావాలకు నేను వాడే పీబీఈ అనే ఉజ్జాయింపు ఇలాంటి లోహాలను కాస్త ఉబ్బించి చూపిస్తుంది, కాబట్టి ఇది తప్పు కాదు, అలవాటు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సీ44 కోసం స్ఫటికాన్ని ఒక శాతం ఒరిగిస్తే శక్తి ఎంత పెరుగుతుందో కాగితం మీద వేసి చూశాను. ఒక పరమాణువుకి దాదాపు 11.8 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల చోటు. దాన్ని సీ44తో, వికృతి (ఎంత ఒరిగిందో చెప్పే నిష్పత్తి) వర్గంతో గుణించి సగం చేస్తే 0.00028 ఎలక్ట్రాన్ వోల్ట్. మొత్తం శక్తి వేల ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. ఏనుగును కాటా మీద నిలబెట్టి, దాని చెవి మీద వాలిన ఈగ బరువు తీయాలన్నమాట. అందుకని ఒరిగించడం రెండు శాతం, నాలుగు శాతం దాకా తీసుకెళ్లి, వచ్చిన చుక్కల గుండా గీత గీసి, ఆ గీత వంపు నుంచి సీ44 తీస్తాను.

రోజు 5

గీత గీస్తే గిన్నె ఆకారం రావాలి. వచ్చింది కూడా, కానీ అడుగున చొట్ట పడిన గిన్నె. సున్నా వికృతి దగ్గరి చుక్క మిగతావాటికి పొంతన లేకుండా కిందికి దిగి కూర్చుంది. దాన్ని తీసేసి గీస్తే సీ44 ఒకలా, ఉంచి గీస్తే మరోలా.

రెండు సాయంత్రాలు పోయాయి. కారణం తెలిశాక నవ్వొచ్చింది. సున్నా వికృతి దగ్గర సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉన్న ఎఫ్‌సీసీ (ఘనం మూలల్లోనూ ముఖాల నడుమా పరమాణువులుండే అమరిక, రాగిది ఇదే) సెట్టింగు వాడాను, అందులో యూనిట్ సెల్‌కి, అంటే పదేపదే పేరిస్తే స్ఫటికమయ్యే గడికి, ఒకే పరమాణువు. ఒరిగించిన వాటికి సెల్ వెక్టర్లు నా చేత్తో రాశాను, అక్కడ నాలుగు పరమాణువుల ఘనపు సెల్. కే బిందువుల వల (ఎలక్ట్రాన్ తరంగాలను ఏయే బిందువుల దగ్గర లెక్కించాలో చెప్పేది) రెండింటికీ అంకెల్లో ఒకటే ఇచ్చాను. కానీ సెల్ వేరైతే అదే అంకె వేరే వల అవుతుంది. రెండు వేర్వేరు కొలబద్దలతో కొలిచి తేడా తీసినట్టు. ఇకమీదట సున్నా దగ్గర కూడా అదే సెల్, అవే వెక్టర్లు, అదే వల. చొట్ట పోయింది. సీ44 78 దగ్గర నిలిచింది. కొలిచిన 75 పక్కన పెడితే బాగానే ఉంది.

ఒరిగించిన రన్‌లు ఎందుకంత నెమ్మదో కూడా ఇవాళే అర్థమైంది. ఘనానికి 48 సౌష్ఠవాలుంటే ఒరిగించాక ఎనిమిదే మిగులుతాయి. ఆ మేరకు లెక్కించాల్సిన కే బిందువులు పెరుగుతాయి. అంతకుముందు టీ తాగి వచ్చేలోపు అయిపోయేది, ఇప్పుడు భోజనం చేసొచ్చినా అవడం లేదు.

రోజు 9

ఇక నొక్కుడు. వేర్వేరు ఘనపరిమాణాల దగ్గర శక్తి లెక్కించి, వాటి మీద ఒక సమీకరణం కూర్చోబెట్టి, ఏ ఘనపరిమాణానికి ఎంత పీడనమో తీయాలి. మర్నహన్ 1944లో ఇచ్చిన సమీకరణం సులువైనది, దాన్నే మొదలుపెట్టాను. తర్వాత బర్చ్-మర్నహన్ కూడా వేసి చూద్దామనిపించింది. మంచిదయింది.

రాగి ఘనపరిమాణాన్ని 73 శాతానికి నొక్కామనుకుందాం. బల్క్ మాడ్యులస్ (అన్ని వైపులా నొక్కితే చూపే మొండితనం) 137, పీడనంతో అది పెరిగే రేటు 5.2 అని రెండింటికీ ఒకే విలువలు ఇస్తే, మర్నహన్ 109 గిగాపాస్కల్ అంటుంది, బర్చ్-మర్నహన్ 98 అంటుంది. 11 తేడా! బల్క్ మాడ్యులస్ పీడనంతో సరళరేఖలా పెరుగుతూనే ఉంటుందని మర్నహన్ సమీకరణం నమ్ముతుంది. నిజానికి ఆ పెరుగుదల పోనుపోను మందగిస్తుంది. తక్కువ పీడనంలో తేడా కనిపించదు, ఈ లోతులకి వచ్చేసరికి బయటపడుతుంది. ఇక నుంచి పీడనం తీయడానికి బర్చ్-మర్నహన్, దాని పక్కన సాఫ్ట్‌వేర్ నేరుగా ముద్రించే పీడనం. రెండూ కలిస్తేనే ముందుకు.

రోజు 14

టెన్షన్ మొదలైంది. సీ44ని రెండు దారుల్లో తీస్తున్నాను. ఒకటి శక్తి దారి, పైన చెప్పిన గిన్నె. రెండోది ప్రతిబలం దారి: స్ఫటికాన్ని ఒరిగించాక సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్ట్రెస్ పట్టికలో అడ్డ ప్రతిబలాన్ని వికృతితో భాగించడం. సున్నా పీడనం దగ్గర రెండూ ఒక గిగాపాస్కల్ లోపు తేడాతో కలిశాయి. 50 దగ్గర శక్తి దారి విలువ 25 ఎక్కువ. 100 దగ్గర 50 ఎక్కువ.

మొదట కటాఫ్ (లెక్కలో ఎంత శక్తి దాకా తరంగాలు వాడాలన్న హద్దు) అనుమానించాను, పెంచాను. వల పెంచాను. సూడోపొటెన్షియల్ (పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ల బదులు పెట్టే నమూనా) మార్చాను. తేడా చెక్కుచెదరలేదు. నిజానికి అదే ఆధారం, కానీ నేను చూడలేదు. లెక్కలో నలుసులు ఉంటే సెట్టింగులు మార్చినప్పుడు అటూ ఇటూ కదలాలి. కదలని తేడా నలుసు కాదు.

వజ్రపు దాగలి (రెండు వజ్రాల మొనల మధ్య నమూనాను నొక్కే పరికరం) మీద పనిచేసే సీనియర్ ఒకావిడ ఉంది, చదువుకునే రోజుల నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఫోన్ చేశాను.

"అక్కా, రెండు దారులూ కలవట్లేదు. 100 దగ్గర 50 తేడా, 50 దగ్గర 25."

"అంటే పీడనంలో సగం."

"అవును. అదే అర్థం కావట్లేదు."

"కోడ్ నాకు తెలీదు గానీ, తేడా పీడనంలో సగమని అది నీకు చెప్పేసింది కదా. పీడనం ఎక్కడ పని చేస్తుంది? ఘనపరిమాణం మారినచోట. ఒరిగించినప్పుడు నీ సెల్ ఎంత మారుతోందో చూశావా?"

చూడలేదు. ఒరిగిస్తే ఘనపరిమాణం మారదని గుడ్డిగా అనుకున్నాను. పేకముక్కల కట్ట ఒరిగితే మారదు, నిజమే. కానీ నేను ఒరిగించింది అలా కాదు. తిప్పుడు లేకుండా ఉండాలని ఒరుపును (దాన్ని డెల్టా అందాం) రెండు పక్కలా సగం సగం పంచాను: ఎక్స్ అంచు వై వైపు డెల్టాలో సగం, వై అంచు ఎక్స్ వైపు డెల్టాలో సగం. ఆ మాత్రికకి డిటర్మినెంట్ (ఘనపరిమాణం ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్య) వేస్తే ఒకటి రాదు, ఒకటిలోంచి డెల్టా వర్గంలో నాలుగో వంతు తీసేసినంత వస్తుంది. అంటే ప్రతి ఒరుపుకీ సెల్ కొద్దిగా చిన్నదవుతోంది. రెండు శాతం ఒరుపుకి తగ్గేది పదివేలలో ఒక వంతు. ఏమంత? ఏమీ కాదు, పీడనం సున్నా అయితే. 100 గిగాపాస్కల్ కింద ఆ పిసరంత కుదింపుకి కూడా పీడనం పని చేయాలి. ఆ పని డెల్టా వర్గంతోనే పెరుగుతుంది. సీ44 శక్తి కూడా డెల్టా వర్గంతోనే పెరుగుతుంది. అందుకే రెండూ ఒకే గిన్నెలో కలిసిపోయాయి. గిన్నె అందంగా, నున్నగా వచ్చింది. దాన్ని చూసి నేను మురిసిపోయాను.

లెక్క తేల్చితే, శక్తి దారి ఇచ్చేది సీ44 కాదు, సీ44కి పీడనంలో సగం కలిపిన సంఖ్య. సరిగ్గా సగం.

రోజు 15

మందు సులువే. జెడ్ అంచును డెల్టా వర్గాన్ని నాలుగు మైనస్ డెల్టా వర్గంతో భాగించినంత సాగదీస్తే డిటర్మినెంట్ సరిగ్గా ఒకటి అవుతుంది. ఈ రకం వికృతులు మూడు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉన్నాయి. నేనే వాటిని అలంకారం అనుకుని, ఆ చివరి పదాన్ని రెండో దశకి (డెల్టా వర్గానికి) చెందిన చిన్న సవరణ అని వదిలేశాను. మనం కొలిచేదే రెండో దశ సంగతి అయినప్పుడు రెండో దశ పదాన్ని వదలడమేమిటో!

మళ్లీ నడిపాను. 50 దగ్గర, 100 దగ్గర రెండు దారులూ ఒక గిగాపాస్కల్ తేడాలో కలిశాయి. సున్నా నుంచి 100కి వెళ్లేసరికి రాగి సీ44 దాదాపు మూడు రెట్లు.

రోజు 16

ఇది నడుమ మాట, కానీ రాసుకోకపోతే మరిచిపోతాను. స్ఫటికం స్థిరంగా ఉందో లేదో చూసే బార్న్ షరతులు పీడనం కింద రెండు రూపాల్లో కనిపిస్తాయి. ఒకచోట సీ44 సున్నా కన్నా ఎక్కువ ఉంటే చాలంటారు. ఇంకోచోట సీ44లోంచి పీడనాన్ని తీసేసినా మిగలాలంటారు. రెండూ సరైనవే, కానీ రెండు చోట్లా సీ44 అనే పేరు ఒకే వస్తువుది కాదు. లగ్రాంజ్ వికృతి (మొదటి ఆకారంతో పోల్చి, రెండో దశ పదాలతో సహా కొలిచేది) పెట్టి శక్తి నుంచి తీసిన సీ44లో పీడనం కలిసి ఉంటుంది, దాన్ని తీసేయాలి. ప్రతిబలాన్ని వికృతితో భాగించి తీసిన దాంట్లో ఆ సర్దుబాటు అయిపోయింది, మళ్లీ తీయకూడదు. ఈ రెండో రకం విలువల్లోంచి ఇంకోసారి పీడనం తీసేస్తే గట్టిగా నిలబడ్డ లోహం కూడా కాగితం మీద కూలిపోతుంది. మొన్నటిదాకా నా నోట్సులో ఈ రెండూ కలగాపులగంగా ఉన్నాయి. ఇప్పుడు ప్రతి సంఖ్య పక్కనా ఏ దారిలో తీశానో రాస్తున్నాను.

రోజు 18

సూడోపొటెన్షియల్ తనిఖీ. 100 దగ్గర రాగి జాలకం 3.27 ఆంగ్‌స్ట్రామ్‌లకి దిగుతుంది, పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 2.57 నుంచి 2.31కి. అందులో సగం 1.16, అంటే దాదాపు 2.2 బోర్ (పరమాణువుల లెక్కల్లో వాడే పొడవు కొలత). సూడోపొటెన్షియల్ పరమాణువు లోపలి భాగాన్ని కప్పిపెట్టే వ్యాసార్థం దీనికన్నా పెద్దదైతే పక్క గోళాలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. నాది అంచు మీద ఉంది. ఇంతకన్నా పైకి పోను.

రోజు 21

వనాడియం మొదలు.

మామూలుగా పీడనం పెరిగితే లోహం అన్ని విధాలా గట్టిపడుతుంది. వనాడియం అలా కాదు. అది బీసీసీ స్ఫటికం (ఘనం మూలల్లోనూ నట్టనడుమా పరమాణువులుండేది), మామూలు స్థితిలో సీ44 43 గిగాపాస్కల్. నొక్కుతూ పోతే బల్క్ మాడ్యులస్ పెరుగుతుంది గానీ సీ44 మెత్తబడుతుందని, ఒక దశలో స్ఫటికం ఒరిగిపోవాలని 2000లలో లెక్కలు చెప్పాయి. 2007లో వజ్రపు దాగలిలో ఎక్స్-రేలతో చూస్తే 69 గిగాపాస్కల్ దగ్గర బీసీసీ నిజంగానే ఒరిగి రాంబోహెడ్రల్ (ఘనాన్ని మూల కర్ణం వెంట సాగదీసినట్టో కుదించినట్టో ఉండే) ఆకారంలోకి మారింది. మూలకాల్లో అప్పటిదాకా చూడని తరహా మార్పు.

అక్కని ఆ ప్రయోగం ఎలా ఉంటుందని అడిగితే తన బల్ల దగ్గరి సంగతి చెప్పింది. రెండు వజ్రాల మొనలు, మధ్యలో పల్చటి లోహపు రేకు, రేకులో వెంట్రుక దూరేటంత కన్నం. నమూనా, దాని పక్కన కెంపు నలుసు ఆ కన్నంలోనే. కెంపు మీద లేజర్ వేస్తే 694.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. పీడనం పెరిగేకొద్దీ ఆ గీత ఎరుపు వైపు జరుగుతుంది, మొదట్లో గిగాపాస్కల్‌కి సుమారు 0.365 నానోమీటర్ చొప్పున. పీడనం అంటే వాళ్లు చదివేది ఆ రంగునే. "నీకు పీడనం అన్ని వైపులా సమానం, ఊరికే వస్తుంది. మాకు దానికోసమే చుట్టూ నియాన్‌నో హీలియమ్‌నో నింపాలి," అంది. నిజమే.

రోజు 26

వనాడియం నా సహనాన్ని పరీక్షిస్తోంది. దీనికి లోపలి పొరలోని 3ఎస్, 3పీ ఎలక్ట్రాన్లను కూడా కలుపుకుని పరమాణువుకి 13 ఎలక్ట్రాన్లు పెట్టాను, లోపలివని వదిలేస్తే ఈ పీడనాల్లో కుదరదు. రాగికి సరిపోయిన వల దీనికి ఏమాత్రం చాలడం లేదు. అంచుకి 16 చొప్పున వేసిన వల మీద వచ్చిన సీ44కీ, 24 మీద వచ్చిన దానికీ పోలికే లేదు. 32 దాటాకే కుదురుకోవడం మొదలైంది. సీ44 చిన్నదైనప్పుడు శక్తి తేడా ఇంకా చిన్నది: ఒక శాతం ఒరుపుకి 0.0001 ఎలక్ట్రాన్ వోల్ట్ కూడా ఉండదు.

స్మియరింగ్ (నిండిన, ఖాళీ ఎలక్ట్రాన్ స్థితుల మధ్య హద్దును మసక చేయడం) ఇంకా మోసకారి. లెక్క త్వరగా కుదురుతుందని 0.02 రిడ్బర్గ్ (ఇది శక్తి కొలత) పెట్టాను. సీ44 ముద్దుగా, నిలకడగా వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఫెర్మీ తరహా స్మియరింగ్ అయితే అది ఎలక్ట్రాన్లను 3,150 కెల్విన్ దాకా వేడి చేసినంత పని. వనాడియం మెత్తబడేది ఎలక్ట్రాన్ల ఫెర్మీ తలం (నిండిన, ఖాళీ స్థితులను వేరుచేసే ఆ హద్దే) ఆకారం వల్లే. ఆ తలంలో ఒక ముక్కను జరిపితే ఇంకో ముక్క మీద సరిగ్గా ఒదిగే చోట్లు ఉన్నాయి. ఆ తలాన్నే మసక చేస్తే నేను వెతుకుతున్నది చెరిగిపోతుంది. 0.005కి దించాను. వల ఇంకా పెంచాల్సి వచ్చింది. రన్‌లు రాత్రంతా.

రోజు 33

సున్నా పీడనం దగ్గర సీ44 20ల్లో వచ్చింది. కొలిచింది 43. మొదటిరోజు ఇదే చూసి ఉంటే కంగారుపడేవాణ్ణి. పీబీఈతో వనాడియం సీ44 తక్కువ రావడం మామూలేనని ఈపాటికి చదివాను. జాలకం కూడా ప్రయోగంలో 3.03 అయితే నాకు 3.00. రాగిని ఉబ్బించిన ఉజ్జాయింపే దీన్ని కుదించింది. ఇంత తేడా ఉన్న పద్ధతితో "ఫలానా పీడనం దగ్గర ఇలా అవుతుంది" అని ఒక్క సంఖ్య మీద ఒట్టు పెట్టలేను. వంపు ఎటు పోతోందో చూడొచ్చు.

వంపు కిందికే. మొదట కొద్దిగా పెరిగినట్టే ఉండి, తర్వాత వాలి, 100కీ 150కీ మధ్య సున్నా దాటింది. గిన్నె బోర్లా పడింది! ఒరిగిస్తే శక్తి పెరగడం లేదు, తగ్గుతోంది. అదే సమయంలో బల్క్ మాడ్యులస్ ఎక్కడా తడబడకుండా పెరుగుతూనే ఉంది. నిలువునా నొక్కితే ఉక్కుపిండం, పక్కకి తోస్తే పేకకట్ట. పాత పద్ధతిలో, ఘనపరిమాణం కాపాడకుండా తీసి ఉంటే ఏమయ్యేదో కూడా వేసి చూశాను. ప్రతి చుక్కకీ పీడనంలో సగం కలిసి, వనాడియం బుద్ధిగా గట్టిపడుతూ కనిపించింది. మెత్తబడిన జాడే లేదు.

రోజు 37

మరి ప్రయోగంలో 69, నాకు 100 పైన ఎందుకు? సీ44 సున్నా అయ్యేదాకా లోహం ఆగాలని రూలేం లేదు. పక్కన ఇంకో పల్లం ముందే లోతైతే అందులోకి జారిపోతుంది. అది చూడాలంటే చిన్న ఒరుపులు చాలవు. బీసీసీని రాంబోహెడ్రల్ కళ్లతో చూస్తే దాని కోణం 109.47 డిగ్రీలు. ఘనపరిమాణం మార్చకుండా ఆ కోణాన్ని అటూ ఇటూ జరుపుతూ శక్తి తీయాలి. ఇక్కడ అటు, ఇటు ఒకటి కాదు. మూల కర్ణం వెంట సాగదీయడం వేరు, కుదించడం వేరు.

120 దగ్గరి ఘనపరిమాణానికి మొదటి గీత వచ్చింది. 109.47 గట్టు మీద ఉంది. 110 దాటాక ఒక పల్లం, 109 కిందికి వెళ్తే ఇంకొకటి. లోతులు ఎలక్ట్రాన్ వోల్టులో వెయ్యో వంతు స్థాయిలోనే. వాటిలో ఏది లోతో చెప్పడానికి నా వల ఇంకా నమ్మకంగా లేదు. పీడనం పెరిగితే ఒక పల్లం నుంచి ఇంకో పల్లానికి మారి, 280 దగ్గర మళ్లీ బీసీసీకి తిరిగొస్తుందని 2007 నాటి లెక్కలు ఉన్నాయి. అంతదూరం నా సూడోపొటెన్షియల్ రాదు.

రోజు 41

69 గిగాపాస్కల్ ఘనపరిమాణం, అంచుకి 48 చొప్పున వల, ఏడు కోణాలు. స్క్రిప్టులో ఒక లైను కలిపాను: డిటర్మినెంట్ ఒకటికి పదో దశాంశం దాకా సరిపోకపోతే రన్ మొదలుపెట్టకుండా ఆగిపోతుంది. నిన్న రాత్రి అది ఒకసారి ఆగింది కూడా, కోణం ఒకటి చేత్తో టైప్ చేసి తప్పు కొట్టాను. ఏడింటిలో మూడు వచ్చాయి. 110.25 దగ్గరి చుక్క 109.47 చుక్క కన్నా కిందే ఉంది, కానీ తేడా నా వల నలుసు కన్నా పెద్దదేం కాదు. మిగతా నాలుగూ నడుస్తున్నాయి, ఫ్యాన్ చప్పుడు పక్కగదిలోకి వినిపిస్తోంది.